ఎంఎంటీఎస్ గారి సర్వీస్ రిజిస్టరు

సర్కారు కొలువులో ఉన్న ప్రతివారికీ ఒక సర్వీస్ రిజిస్టరు ఉంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కి మాత్రం ఎందుకు ఉండకూడదని మనమే ఒకటి తెరుద్దాం.

ఉద్యోగంలో చేరినది 2003 ఆగస్టు 9న. జెండా ఊపి చేర్చుకున్నది నాటి ఉప ప్రధాని ఆడ్వాణీ. యజమానులు ఇద్దరు: దక్షిణ మధ్య రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం. ఇద్దరి కింద కొలువంటే జీతం ఎవరిస్తారో చివరిదాకా తేలదు.

అర్హతలకేం, ఘనమైనవే. ఒంట్లోనే మోటార్లు, రెండు చివరలా డ్రైవరు గది. లింగంపల్లి చేరాక ఇంజను మార్చే పనే లేదు. డ్రైవరు ఇటు దిగి అటు ఎక్కితే బండి తిరిగినట్టే. ఏ పార్టీ వస్తే అటు తిరిగిపోయే ఈ గుణానికి మన ఆఫీసుల్లో ఎప్పుడో ప్రమోషన్ వచ్చేది.

సొంత సీటు లేకపోవడమే అసలు చిక్కు. మొదటి దశలో దీనికంటూ వేరే లైను వేయలేదు. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ తిరిగే దారినే నడవమన్నారు. దూరప్రాంతం దొరగారు వస్తుంటే ఈయన పక్కకి తప్పుకుని నిలబడాలి. ఇళ్ళ పట్టాలు పంచినంత సులువుగా రైలు పట్టాలు పంచలేరు కదా! హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినవాళ్ళు హైటెక్ సిటీకి ఆటో ఎక్కాల్సి రావడం మాత్రం బండి తప్పు కాదు. ఆ పేరు పెట్టినవాళ్ళకి మెమో ఇవ్వాలి.

రెండో దశ అనే పదోన్నతి 2012-13లో మంజూరైంది. 816 కోట్ల ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. రాష్ట్రం వాటా రాలేదని రైల్వే ఏళ్ళ తరబడి పాడిన పాటే పాడింది. ఈలోగా రాష్ట్రమే రెండయింది, ఫైలు కదలలేదు. 2023 ఏప్రిల్ 8న కొత్త సర్వీసులకీ, 2024 మార్చి 5న ఘట్‌కేసర్ బండికీ ప్రధాని మోదీ పచ్చజెండా ఊపారు. లెక్కపెట్టుకోండి, నిండు పుష్కరం. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళాల్సిన బండి ఉందానగర్‌లో ఆగి, విమానాలను దూరం నుంచి చూస్తోంది.

ఇక సెలవులు. కరోనాకి 2020 మార్చిలో ఇంటికి పంపారు. 2017లో చేరిన జూనియర్, మెట్రోగారు, ఆ సెప్టెంబరుకే డ్యూటీ ఎక్కేశారు. సీనియర్‌కి పిలుపు 2021 జూన్ 23న వచ్చింది.

ఒక పేజీ మీద మాత్రం హాస్యం చెల్లదు. 2019 నవంబరు 11న కాచిగూడలో ఈ బండి హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ని ఢీకొంది. ఎంఎంటీఎస్ లోకో పైలట్ నుజ్జయిన గదిలో గంటల తరబడి ఇరుక్కుపోయి, కొద్దిరోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారు.

కనీస టికెట్టు 5 రూపాయలు. నగరంలో ఆ డబ్బుకి టీ కూడా రాదు. అయినా బోగీలు ఖాళీగా ఉన్నాయంటారు. బళ్ళు తక్కువ గనక జనం రారు, జనం రారు గనక ఉన్న బళ్ళు రద్దు. ఉద్యోగి చేత రాజీనామా రాయించడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

మీరు మాత్రం ఈ ఆదివారం ఎంఎంటీఎస్ ఎక్కాలనుకుంటే, టైంటేబుల్ కాదు, రద్దయిన రైళ్ళ జాబితా చూసుకుని బయల్దేరండి.