చప్పట్ల బాబాయి

వేసవి సెలవులకి పిల్లలు పోగయ్యే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఒకడుంటాడు. మేనమామలు మాల్‌కి తీసుకెళ్తే ఈయన కోటకి తీసుకెళ్తాడు. "చరిత్రంటే పుస్తకంలో చదివితే వచ్చేది కాదు వదినా, చేత్తో తడిమి చూడాలి" అని ఇడ్లీ తింటూ ప్రకటిస్తాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్న ఆనందంలో వదిన ఆ సిద్ధాంతాన్ని అక్కడికక్కడే ఆమోదిస్తుంది.

బాబాయి గైడుని పెట్టుకోడు. అది పరువు సమస్య. అలాగని గైడుని వదలడు కూడా. డబ్బులిచ్చిన గుంపుకి మూడడుగుల దూరంలో, గోడ సున్నం పరీక్షిస్తున్నట్టు నిలబడి, చెప్పిందంతా చెవిన వేసుకుని, మలుపు తిరగ్గానే సొంత పరిశోధనలా పిల్లలకి వినిపిస్తాడు. ఆ గుంపు విదేశీయులదై గైడు ఫ్రెంచిలోకి దిగాడంటే, కుతుబ్‌షాహీల చరిత్రలో కొన్నేళ్లు ఖాళీగా మిగిలిపోతాయి.

ఆయన్ని గోల్కొండలో చూడాలి. కింద గుమ్మం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది కదా. శత్రువొస్తే పైవాళ్లకి కబురందే ఏర్పాటు. బాబాయి పిల్లల్ని రెండు బ్యాచ్‌లు చేస్తాడు. పెద్దవాళ్లని 360 మెట్లెక్కి పొమ్మంటాడు. తను మాత్రం "కొట్టడంలోనే ఉందిరా టెక్నిక్" అని కిందే ఉండిపోతాడు. అరగంటకి పైనుంచి ఫోనొస్తుంది. బాబాయి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చప్పట్లు కొడతాడు.

"వినిపించిందా?"

"ఫోన్లోనా, గాల్లోనా బాబాయ్?"

"గాల్లోరా!"

"వినిపిస్తూనే ఉంది. అసలు ఆగడం లేదు. అందులో నీదేదో తెలీట్లేదు."

తెలీదు మరి. ఆ గుమ్మటం కింద ఆ సమయానికి కుటుంబానికొకడు చొప్పున బాబాయిలు నిలబడి చప్పట్లు కొడుతుంటారు. మనవాడు వెంటనే సంకేతం మారుస్తాడు. మూడు కొట్టి, ఆగి, రెండు. పక్కన కరీంనగర్ నుంచి వచ్చినాయన దాన్ని విని, బాగుందని తనూ అదే మొదలుపెడతాడు. అక్కడ జరిగే వాగ్వాదం కూడా పైకి స్పష్టంగా వినిపిస్తుందని పిల్లలు తర్వాత చెబుతారు.

పైకి చేరాక, రొప్పుతూనే, ఔరంగజేబు సంగతి ఎత్తుకుంటాడు. ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదనీ, 1687లో చివరికి లోపలి మనిషే లంచం తిని తలుపు తీశాడనీ చెబుతాడు. ఈ కథ బాగా చెబుతాడు, ఒప్పుకోవాలి. కానీ రెండో తరగతి పిల్లకి ఒక సందేహం.

"అప్పుడు కిందెవరూ చప్పట్లు కొట్టలేదా బాబాయ్?"

ఈ ప్రశ్న ఏ గైడూ చెప్పగా ఆయన వినలేదు. అందరికీ పుల్ల ఐసు కొనిపెడతాడు.

విశాఖ వెళ్లినా ఇదే వరస. రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటేడు మ్యూజియమై ఇసుకలో కూర్చుంది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. పిల్లలకది ఆట. బాబాయికది వయసు ధ్రువపత్రం. ముందు తల పెట్టాలా కాలు పెట్టాలా అని తేల్చుకునేలోపు వెనక క్యూ పెరుగుతుంది, ముందు నుదురు బొప్పి కడుతుంది. అయినా వెనక్కి తగ్గడు. కనిపించిన ప్రతి చక్రాన్నీ తిప్పబోతాడు. చేతులు కట్టుకుని బుద్ధిగా నడుస్తున్న పిల్లల మధ్య, నౌకాదళంలో పనిచేసి రిటైరైన గైడుగారు "సార్, ముట్టుకోవద్దు" అనేది ఈయన్నే. టార్పెడోల గురించి బాబాయి అడిగిన మూడు ప్రశ్నలకీ ముక్తసరిగా చెప్పిన ఆ పెద్దాయన, "ఇంతమందీ స్నానం ఎలా చేసేవారు తాతగారూ?" అని బుడ్డాడు అడగ్గానే ఆగి, నవ్వి, నీటి పొదుపంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. క్యూ మొత్తం నిలబడి విన్నది. బాబాయి కూడా.

ఇప్పుడు వచ్చే ఆదివారానికి సాలార్‌జంగ్ మ్యూజియం ఖాయం చేశాడు. అక్కడి గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. భోంచేసి తీరిగ్గా ఒంటిగంటకి వెళ్లండని వదిన సలహా ఇచ్చింది.

"ఒంటిగంటకి ఒక్క దెబ్బే కదా వదినా! పన్నెండుకైతే పన్నెండు. టికెట్టు ధర మాత్రం ఒకటే!"