రాత్రి పది గంటల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రాత్రి పది గంటల వారి సముఖానికి,

విషయం: తమరు రోజూ వేళ తప్పకుండా విచ్చేస్తున్నా మా వీధిలో ఒక్కరూ అగ్గిపెట్టె కింద పెట్టకపోవడం గురించి.

అయ్యా,

ఈ దేశంలో అర్జీ ఎవరికి పెట్టుకోవాలో తెలిస్తే సగం పని అయినట్టే. టపాకాయల గోల మీద అర్జీ పట్టుకుని నేను ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడికి వెళ్తే మూడోదాని అడ్రసు రాసిచ్చారు. చివరికి కాగితాలన్నీ ముందేసుకుని చదివితే తేలింది, ఈ వ్యవహారంలో అసలు అధికారి తమరేనని. 2005 జూలై 18న సుప్రీంకోర్టు తమకు పట్టం కట్టింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేసే బాణసంచా కాల్చకూడదంది. 2010లో శబ్ద కాలుష్య నియమాల్లోకి కూడా అదే మాట ఎక్కింది. అంటే తమరు వీధి మొగలో కనబడగానే ఒత్తులు ఆరిపోవాలి. ఇరవై ఏళ్లుగా తమరు ఒక్కరోజు సెలవు పెట్టకుండా వస్తూనే ఉన్నారు. ఇంత క్రమం తప్పని అధికారిని నేను ఏ శాఖలోనూ చూడలేదు. ఇంత పలుకుబడి లేని అధికారినీ చూడలేదు.

తమరు వచ్చే వేళకు మా వీధి ఎలా ఉంటుందో తమకు తెలియనిది కాదు. అయినా ఫైలులో ఉండాలి కాబట్టి రాస్తున్నాను. ఉప్పల్ వైపు ఉన్న మా కాలనీ వెనక ఒక ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల నెలల్లో అక్కడి నుంచి బరాత్ బయల్దేరేదే తమరు వచ్చాక. ముందు డీజే బండి, దాని ముందు పెళ్లికొడుకు స్నేహితులు, వాళ్ల చేతుల్లో స్కై షాట్ల పెట్టెలు. పెళ్లి లేని రోజు ఎవరిదో పుట్టినరోజు. ఈ మధ్య పుట్టేవాళ్లంతా అర్ధరాత్రి పన్నెండుకే పుడుతున్నట్టున్నారు. ఆపైన హీరోగారి సినిమా, కార్పొరేటరు గారి గెలుపు, గెలవకపోతే కనీసం నామినేషను, ఇండియా మ్యాచ్, హాఫ్ శారీ ఫంక్షను, నిమజ్జనం. మా వైపు పాడె ముందు కూడా టపాకాయలు పేలుస్తారు. అది పగటిపూట వ్యవహారం కాబట్టి తమ పరిధిలోకి రాదు, వదిలేస్తున్నాను.

దీపావళి మీద ఈ లేఖలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దీపావళికి తేదీ ఉంది. పంచాంగం చూసుకుని సిద్ధపడవచ్చు. మిగతావాటికి తేదీ లేదు, వేళ లేదు. నా గొడవంతా అక్కడే.

మా ఇంట్లో చిట్టి అని ఒక కుక్క ఉంది. జాతి ఏమిటని అడుగుతుంటారు. వీధి జాతి. లారీ హారన్లంటే లెక్కలేదు, కుక్కర్ కూత అంటే ప్రాణం. టపాకాయ ఒక్కటే దానికి పడదు. మొదటి చప్పుడుకి చెవులు వెనక్కి వాలిపోతాయి, తోక కడుపు కిందికి పోతుంది. రెండోదానికి రొప్పు, నోట్లోంచి చొంగ. మూడోది పేలేసరికి బాత్‌రూములో కమోడు వెనక దూరుతుంది. మా ఇంట్లో వీధి వైపు గోడ లేని చోటు అదొక్కటే. పక్కన కూచుని ఒంటి మీద చెయ్యి వేస్తే దాని గుండె మన అరచేతిలో కొట్టుకుంటుంది. మర్నాడు అన్నం ముట్టదు, గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. నాలుగుసార్లు వింటే అదే అలవాటైపోతుందిలే అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. చాలా కుక్కల్లో జరిగేది దీనికి తలకిందులు. భయం ఏటికేడాది ముదురుతుంది, ముందు బాంబుకి బెదిరింది తర్వాత ఉరుముకీ, ఆ తర్వాత తలుపు దభీమన్నా బెదురుతుంది.

మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి సుమారు 45 వేల దాకా, పిల్లి చెవి 64 వేల దాకా పోతుంది. అయితే కష్టమంతా చెవిలోనే లేదు, ముందుగా తెలియకపోవడంలో ఉంది. మనకి ఒత్తి కనబడుతుంది, అంటించేవాడు కనబడతాడు, రెండు చెవులూ మూసుకుంటాం. దానికి ఇవేవీ లేవు. ఉన్నట్టుండి ఆకాశం పగులుతుంది, ఎటు నుంచో తెలియదు, ఎటు పారిపోవాలో అసలే తెలియదు.

దీపావళికైతే చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చేస్తాం. కిటికీలు మూసి, పరదాలు లాగి, టీవీ పెడతాం. మెడపట్టీ మీద ఫోన్ నంబరు చెరిగిపోయిందేమో చూసుకుంటాం. మరీ బెదిరేవాటికి వెటర్నరీ డాక్టరు ముందుగానే మందు రాస్తారు. ఆ మందు చప్పుడు మొదలు కాకముందే కడుపులో పడాలి, భయం తలకెక్కాక వేస్తే అంతగా పనిచెయ్యదు. మరి మామూలు బుధవారం నాడు, పదకొండుంపావుకి, ఎవరి బావమరిదికో ఉత్సాహం పుట్టి పేల్చే బాంబుకి ఏ మందు ఎన్నింటికి వెయ్యమంటారు?

మాది కనీసం కమోడు ఉన్న కుక్క. వీధిలోవాటికి అదీ లేదు. బెదిరి పరిగెత్తి పక్క వీధి కుక్కల హద్దులో పడి కరిపించుకుంటాయి, లేదంటే మెయిన్ రోడ్డు మీద బండ్ల కింద పడతాయి. తోకకి సీమటపాకాయల సరం కట్టి ఆనందించే వీరులు కూడా ఉన్నారు. వాళ్ల కోసం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జరిమానా రాసిపెట్టింది: మొదటి తప్పుకి పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. ఆ డబ్బుకి ఒక మంచి చిచ్చుబుడ్ల పెట్టె కూడా రాదు.

పక్షుల సంగతి మన దగ్గర అడిగేవాడు లేడు. నెదర్లాండ్స్‌లో వాతావరణ రాడార్ పెట్టి చూశారు, 2011లో ఆ వివరాలు అచ్చయ్యాయి. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే వేలాది పక్షులు ఒక్కసారిగా ఉన్నచోటు వదిలి లేచాయి. కనీసం ముప్పావు గంట గాల్లోనే ఉన్నాయి. ఎక్కువ పక్షులు కనబడింది 500 మీటర్ల ఎత్తున. నిద్రపోవాల్సిన వేళలో, చలికాలంలో, ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చుపెట్టి అంత ఎత్తుకి పోయాయి.

ఇక మనుషులు. మా కింది ఫ్లాటులో మతిమరుపు జబ్బు ఉన్న పెద్దాయన ఉన్నారు. బాంబు పేలినప్పుడల్లా ఎవరో తలుపు కొడుతున్నారని లేచి వెళ్తారు, ఆయన భార్య వెనకే వెళ్లి తీసుకొస్తుంది. పైన బాలింత ఉంది. ఎదురింటి అమ్మాయి నర్సు, పొద్దున డ్యూటీకి ఆరింటికల్లా బస్సెక్కాలి. వీళ్లలో ఒక్కరూ నోరు తెరిచి అడగరు. అడిగినవాడికి మర్నాటి నుంచి ‘పండగంటే పడనివాడు’ అని పేరు పడుతుంది. అపార్ట్‌మెంటులో ఆ పేరుతో బతకడం కంటే చెవిలో దూది పెట్టుకోవడం తేలిక.

తమ చట్టాలు చదువుతుంటే నాకొక విచిత్రం కనబడింది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, తమరు వచ్చాక 45 దాటకూడదు. టపాకాయకి మాత్రం, పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 దాకా ఫరవాలేదని 1999 నుంచి ఉంది. డెసిబెల్స్ కూడికల లెక్కలో నడవవు. పది పెరిగితే తీవ్రత పదింతలవుతుంది. కాబట్టి 45కీ 125కీ ఉన్న తేడా స్థూలంగా పది కోట్ల రెట్లు. నలభై మీటర్ల దూరం పోయేసరికి చప్పుడు 105కి దిగుతుంది. మా సందులో ఎదురెదురు గోడలకి కొట్టుకుంటుంది కాబట్టి అంత కూడా దిగదు. దిగిందనే అనుకున్నా ఇంకా పది లక్షల రెట్లు. ఇదంతా ఫంక్షన్ హాలు మేనేజరుకి చెప్పబోయాను. ఆయన మర్యాదస్థుడు, నన్ను కూచోబెట్టి టీ తెప్పించి, “చిన్న లడీయే కదా సార్” అన్నాడు.

ఆ చిన్న లడీ గురించి కూడా కాగితాల్లో ఉంది. 2015లో ఢిల్లీలో ముగ్గురు పసిపిల్లల పేరిట వాళ్ల తండ్రులు సుప్రీంకోర్టులో కేసు వేశారు. పెద్దపిల్లకి కూడా అప్పటికి రెండేళ్లు నిండలేదు. అందులో 2018 అక్టోబరు 23న వచ్చిన తీర్పు లడీల, అంటే సరాల తయారీ, అమ్మకం, వాడకం మూడింటినీ నిషేధించింది. మన థౌజండ్ వాలా, టెన్ థౌజండ్ వాలా అన్నీ అందులోకే వస్తాయి. దీపావళికి రెండు గంటలు కేటాయించింది. తమ తర్వాత డ్యూటీకి వచ్చే పన్నెండు గంటల వారికి క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ ముప్పై అయిదు నిమిషాలు ఇచ్చింది, 11:55 నుంచి 12:30 దాకా. బరాత్‌కి తమరు వచ్చాక ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. 2021లో అదే కోర్టు, చెప్పింది ఎవరూ వినడం లేదని గమనించి మళ్లీ చెప్పింది. టెన్ థౌజండ్ వాలా ఇవాళ కూడా దుకాణంలో ముందు వరసలోనే ఉంటుంది.

వందకి ఫోన్ చెయ్యలేదా అని తమరు అడగవచ్చు. చేశాం. పెట్రో కార్ వస్తుంది. అది వచ్చేసరికి రోడ్డు మీద ఎర్ర కాగితాలు తప్ప ఏమీ ఉండవు. ఎవరు కాల్చారని కానిస్టేబులు అడుగుతాడు, అందరూ ఆకాశం వైపు చూస్తారు. ఆయన తప్పు కూడా కాదు. కాల్చినవాడు ఎవరి మేనల్లుడో ఆయనకి తెలుసు. పొద్దున ఆ కాగితాలు ఊడ్చేది మాత్రం ఎవరి మేనత్తా కాదు, మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికురాలు.

‘మా పండగలప్పుడే గుర్తొస్తాయి మీకు కుక్కలు’ అనే మాట ఒకటుంది. దానికి జవాబు చెప్పాలి. తెలుగిళ్లలో దీపావళి బాణసంచా ఇంట్లోనే చేసుకున్న తరం ఇంకా బతికే ఉంది. దసరా నుంచే సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను తెచ్చి, నూరి, జల్లించి, చిచ్చుబుడ్లలో కూరి, మతాబులు చుట్టి మేడ మీద ఎండబెట్టేవాళ్లు. గోగు కాడలకి నూనె గుడ్డలు కట్టి పిల్లలు దివిటీలు కొట్టేవాళ్లు. సిసింద్రీలు కాళ్ల సందుల్లోంచి దూసుకుపోతే కేకలు పెట్టేవాళ్లు. ఆ రోజుల్లో చేతులు కాలలేదని అనను, బాగానే కాలాయి. కానీ పండగలో ముఖ్యం వెలుగు, చప్పుడు దాని వెనక. మనం దాన్ని తిరగేశాం. ఇప్పటికీ దీపావళి మర్నాడు మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గాయాలతో వచ్చేవాళ్లలో పిల్లలు తప్పకుండా ఉంటారు. 2024 దీపావళి నాడు ఏలూరులో స్కూటర్ గోతిలో పడి, దాని మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు పేలి, బండి మీది మనిషి అక్కడికక్కడే పోయాడు. పండగ మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు దీన్ని గురించి మాట్లాడాలి.

చప్పుడు లేకుండా బతకలేమనే వాళ్లకి తమిళనాడు చూపించండి. మన బాణసంచాలో అత్యధిక భాగం తయారయ్యే శివకాశి విరుదునగర్ జిల్లాలో ఉంది. దాన్ని ఆనుకున్న శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల అభయారణ్యం పక్కనే కొల్లుకుడిపట్టి అనే ఊరుంది. చెరువులో గుడ్లు పెట్టుకునే కొంగలు బెదురుతాయని ఆ ఊరి జనం దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చడం మానుకున్నారు. పెళ్లిళ్లకీ గుళ్లో ఉత్సవాలకీ కూడా కాల్చరు. దీపావళికి అటవీ శాఖ వాళ్లు వచ్చి మిఠాయిలు పంచి వెళ్తారు. మా కాలనీ వాళ్లని అంత దూరం నడవమని నేను అడగడం లేదు. పిల్లల చేతిలో కాకరపువ్వొత్తులు లాక్కోమనీ అనడం లేదు. పూర్తి నిషేధం మీద నాకు నమ్మకం లేదు. నిషేధించిన సరాలే దుకాణం ముందు వరసలో కూచుని ఉంటే, ఇంకా పెద్ద నిషేధం ఏం సాధిస్తుంది?

కాబట్టి తమకు నా మనవి ఇంతే. తమరు వచ్చారని అందరికీ తెలిసేలా రండి. ఫంక్షన్ హాలు బుకింగ్ రసీదు మీద తమ పేరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. పది దాటాక వీధిలో పేలిన ప్రతి బాంబుకీ హాలు యజమాని డిపాజిట్‌లోంచి కోత పడేలా చూడండి. వేడుక ఉన్నవాళ్లు ఒక రోజు ముందు కాలనీ గేటుకి కాగితం అంటించాలి, ఎన్నింటికి కాలుస్తారో, ఎక్కడ కాలుస్తారో. ఆ ఒక్క కాగితం ఉంటే మేం కుక్కని ముందే తిప్పుకుంటాం, మందు వేళకి వేస్తాం, బాలింత గది కిటికీ మూసుకుంటుంది, కింది ఫ్లాటు పెద్దాయన పక్కన ఎవరో ఒకరు కూచుంటారు. ఎనిమిదింటికి వాళ్ల బరాత్‌లోకి వచ్చి మేం కూడా నాలుగు స్టెప్పులు వేస్తాం.

ఇట్లు,
తమ రాకకోసం మేలుకుని ఉండే
ఒక కాలనీ నివాసి

ప్రతి: మా ప్రాంత స్టేషన్ హౌస్ ఆఫీసరు గారికి. 2018 అక్టోబరు 23 తీర్పు ప్రకారం, ఉల్లంఘన జరిగితే బాధ్యత తమది, వ్యక్తిగతంగా. దాన్ని కోర్టు ధిక్కారంగా పరిగణిస్తామని అందులో రాసి ఉంది.