చలివేంద్రానికి ఆరు దోషాలు

ఏప్రిల్ వచ్చిందంటే తాడిపత్రిలో రెండు పెరుగుతాయి: ఎండ, ఫ్లెక్సీలు. పెన్న ఇసుకలో చెప్పుల్లేకుండా కాలు పెట్టలేని ఆ రోజుల్లో జిల్లా పేజీ అడుగున ఏటా అదే వార్త. ఫలానా సేవా క్లబ్బు ఆధ్వర్యంలో ఫలానా సర్కిల్లో చలివేంద్రం ప్రారంభం. మానవసేవే మాధవసేవ అని అధ్యక్షుడు పేర్కొన్నారు. పాదచారులు సద్వినియోగం చేసుకోవాలని కార్యదర్శి కోరారు. ఎండలో తిరగొద్దని కోశాధికారి సూచించారు. ఎండలో ఎవరూ తిరక్కపోతే చలివేంద్రం దేనికో ఆయన చెప్పలేదు. పక్కనే ఫొటో. అందులో ఓ పద్నాలుగు మంది. వాళ్ల మోకాళ్ల సందుల్లోంచి వెతికితే రెండు కుండలు.

వారం తర్వాత అటు వెళ్లి చూడండి. ఫ్లెక్సీ ఉంటుంది. కొబ్బరిమట్టల పందిరి ఉంటుంది. స్టీలు గ్లాసు ఉంటుంది, దానికి గొలుసు కూడా ఉంటుంది. కుండలో చెయ్యి పెడితే మాత్రం పొడిపొడిగా తగులుతుంది, అడుగున ఓ చీమల బారు. ఎవడో ఎత్తుకుపోతాడని గ్లాసును కట్టేశారు గానీ, రోజూ నీళ్లు పోసే మనిషిని ఎవరూ కుదర్చలేదు.

ఇది ఏ క్లబ్బు సంగతని అడక్కండి. ఒకరి పేరు రాస్తే, మమ్మల్నెందుకు వదిలేశావని మిగతావాళ్లు నొచ్చుకుంటారు. ఈ క్లబ్బుల పద్ధతికి మూలస్థానం షికాగో. 1905లో పాల్ హారిస్ అనే లాయరు అక్కడ రోటరీ పెట్టాడు. 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా ఏజెంటు అదే ఊళ్లో లయన్స్‌కు పునాది వేశాడు. 1961లో హైదరాబాద్‌లో మన వాసవి క్లబ్బులూ పుట్టాయి. షికాగో నుంచి సేవాభావం వచ్చింది, సంతోషమే. దాంతోపాటు అక్కడి పంచాంగమూ దిగుమతయింది. రోటరీకీ లయన్స్‌కీ ఏడాది ఉగాదికి మొదలవదు, జనవరి ఒకటికీ మొదలవదు. జూలై 1న మొదలై జూన్ 30తో సరి. అధ్యక్షుడి రాజ్యం పన్నెండు నెలలు. తర్వాత కొత్త రాజు, కొత్త శాలువా, కొత్త ఫ్లెక్సీ. పాత రాజు నాటిన మొక్కకు నీళ్లు పోస్తే పేరు పాత రాజుకే పోతుంది కాబట్టి కొత్త రాజు కొత్త మొక్క నాటుతాడు. నేను చెప్పదలచుకున్న రోగం ఇదొక్కటే, మిగతావన్నీ దాని లక్షణాలు.

రాజుల మాట వచ్చింది గనక నిజమైన రాజుగారి బిడ్డ కథ ఒకటి. మన పక్క కడప జిల్లాలో పోరుమామిళ్ల ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. పేరు చెక్కించుకోవాలన్న సరదా ఆయనకూ ఉంది, కాదనను. అయితే ఆ పెద్దమనిషి పేరుతో ఆగలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో చెక్కించాడు. చెరువును చెడగొట్టే ఆరు దోషాలేమిటో అవీ చెక్కించాడు. తాను కట్టించినదాన్ని ఎలా తప్పు పట్టాలో చూసేవాడికి తనే నేర్పిపోయిన దాత ఆయన. మన ఫ్లెక్సీల మీద అంత చోటున్నా, దోషాల కాలమ్ ఒక్కదాని మీదా కనబడదు. ఆ లోటు పూడ్చే పని నేను నెత్తిన వేసుకుంటున్నాను. దోషాలు భవదూరుడివే, అన్వయం నాది.

మొదటి దోషం, కట్టలోంచి నీరు ఊరి కారిపోవడం. సేవానిధి అనే చెరువుకు గండి ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఆడిటర్ అక్కర్లేదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ అంగడికి వెళ్లి బిల్లు అడగండి. శాలువాల అంగడికి, మెమెంటోల అంగడికి, పదవీ ప్రమాణ స్వీకారం నాటి రాత్రి వంట చేసిన క్యాటరింగ్ ఆయన దగ్గరికి వెళ్లి బిల్లులు అడగండి. చివరగా కుమ్మరి దగ్గరికి వెళ్లండి. ఆయన దగ్గర బిల్లు ఉండదు. రెండు కుండలకు బిల్లేమిటి సామీ అని నవ్వుతాడు.

రెండో దోషం చవుడు నేల. జూలై మొదటి వారంలో కొత్త అధ్యక్షుడు మొక్క నాటుతాడు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవాన్ని జూలైలో మొదలుపెట్టారు, ఆయన చూసింది దేశమంతా పడే వాన. మన అనంతపురానికి ఏడాది మొత్తమ్మీద పడేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, అందులోనూ కాస్త గట్టిగా కురిసేది సెప్టెంబరులో. అప్పటిదాకా ఆ మొక్క బతకాలంటే రెండు నెలలు ఎవరో బిందెలు మోయాలి. బిందె మోసేటప్పుడు ఫొటోగ్రాఫర్ రాడు. అందుకే ఏటా అదే హైస్కూలు, అదే గోడవార, అదే గుంత. మొక్కే కొత్తది. గుంత తవ్వే కూలీ అయినా ఆదా అవుతోంది కదా అనుకోవాలి.

మూడోది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. భవదూరుడు దీన్ని ఎందుకు దోషమన్నాడో మన సర్కిల్లో నిలబడితే అర్థమవుతుంది. రోడ్డుకు ఈ పక్క ఒక క్లబ్బు చలివేంద్రం, ఆ పక్క ఇంకో క్లబ్బు చలివేంద్రం, రెండూ ఎదురెదురు. ఈ రెండో క్లబ్బు పుట్టిందెట్లా? అధ్యక్ష పదవి ఒకటి, ఆశపడ్డవాళ్లు ఇద్దరు. ఓడినాయన అలిగి ఇంటికి పోకుండా, ఊరి పేరు చివర ‘టౌన్’ అనో ‘సెంట్రల్’ అనో ‘గ్రేటర్’ అనో తగిలించి ఇంకో క్లబ్బు తెచ్చుకున్నాడు. దాహమైనవాడు ఏ పక్కకు వెళ్తాడా అని రెండు పార్టీలూ కాచుకు కూర్చుంటే కనీసం నీళ్లయినా ఉండేవి. మొదటిరోజు తర్వాత రెండు వైపులా కుర్చీలు ఖాళీ, రెండు వైపులా కుండలు ఖాళీ. ఊరికి అవతల, పాలిష్ యూనిట్ల వైపు పోయే రోడ్డు మీద, బండలు ఎత్తి దించే హమాలీలకు మాత్రం ఏ రాజ్యమూ లేదు, ఏ కుండా లేదు.

నాలుగోది, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట లేవడం. క్లబ్బుల్లో దీన్ని వేదిక అంటారు. వ్యాఖ్యాత మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ వేదికను అలంకరించవలసిందిగా కోరుతూ పోతాడు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, గత అధ్యక్షుడు, ఆయన ముందటి అధ్యక్షుడు, రీజియన్ చైర్‌పర్సన్, జోన్ చైర్‌పర్సన్, డిస్ట్రిక్ట్ గవర్నరు. అందరూ పైకెక్కాక కింద మిగిలేది టెంటు కట్టినాయనా, ఎప్పుడొదులుతారా అని చూసే బడిపిల్లలూ. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఓ పదవి ఉంది. సభ్యులకు సరదాగా జరిమానాలు వేసి సభను హుషారుగా ఉంచడం ఆయన పని. సింహానికి తోక ఉంది, ఆ తోక మెలిపెట్టడానికి మనిషీ ఉన్నాడు. కుండ నింపడానికి పదవి లేదు. అంతర్జాతీయ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు ఇస్తే ఒకచోట మెల్విన్ జోన్స్ ఫెలో, ఇంకోచోట పాల్ హారిస్ ఫెలో అనే గౌరవం వస్తుంది. ఆ డబ్బు ఎక్కడో ఎవరికో పనికొస్తుంది, తప్పు పట్టను. కానీ పేరు వెనక ఆ అక్షరాలు చేరాక విజిటింగ్ కార్డు సైజు పెరుగుతుంది, మనిషికి వంగి బిందె ఎత్తడం కష్టమవుతుంది.

ఐదో దోషం, నీరు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. దీన్ని చూడాలంటే పండ్ల పంపిణీ నాడు సర్కారు ఆసుపత్రి వార్డుకు వెళ్లండి. మంచం మీద సెలైన్ ఎక్కుతున్న ముసలామె. ఆమె వైపు చాచిన ఒక అరటిపండు. ఆ పండును పట్టుకున్న చేతులు ఏడు. ఎనిమిదో చెయ్యికి పండు అందక ఏడో చెయ్యి మణికట్టు పట్టుకుంది. అందరి చూపూ కెమెరా వైపు, ముసలామె చూపు పండు వైపు. ఫొటో సరిగ్గా రాలేదు, ఇంకోసారి అన్నారు. ఆమె పండు వెనక్కిచ్చి మళ్లీ తీసుకుంది. ఆమెకు షుగరేమో అని ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ అడగలేదు.

ఆరోది దీన్ని తిరగేసినది: చోటు తక్కువ, నీరెక్కువ. కారు పోగల బడికే ఆగస్టులో నాలుగు సార్లు నోటు పుస్తకాలు, బస్టాండు ముందు పడుకునే ఆ నలుగురికే చలికాలంలో మూడేసి దుప్పట్లు. కారు పోలేని పల్లెకు ఏదీ పోదు.

ఈ మాట అంటే ఊళ్లో వెంటనే ఒక జవాబు వస్తుంది: ‘ఏం సామీ, ఏదో ఒకటి చేస్తాండారు గదా. అరుగు మీద కూచోని మాట్లాడేటోళ్ల కంటే నయమే గదా.’ బాగుంది. కుండే పెట్టకపోతే దాహమైనవాడు హోటల్లోనో ఎవరింటి గడపలోనో అడుక్కుని తాగుతాడు. ఫ్లెక్సీ చూసి, అక్కడ నీళ్లున్నాయని నమ్మి, ఎండలో ఫర్లాంగు దూరం నడిచి వచ్చాక ఎండిన కుండ ఎదురైతే వాడికి జరిగింది సేవ కాదు. పైపెచ్చు అక్కడ చలివేంద్రం ఉందని కాగితం మీద రాసుకుని ఇంకెవరూ అక్కడ పెట్టరు. ఏమీ చేయకపోవడం కంటే చేసినట్టు కనబడటం హెచ్చు నష్టం అనేది ఇందుకే.

క్లబ్బులకు పని చేతకాదని నేననడం లేదు. చేతనైన రోజులు చరిత్రలో ఉన్నాయి, అందుకే కోపం. రోటరీ మొట్టమొదట చేపట్టిన సేవ ఏమిటో తెలుసా? 1907లో షికాగోలో జనం కోసం మరుగుదొడ్లు కట్టించడం. ఈనాటి అధ్యక్షుణ్ణి మరుగుదొడ్డి తలుపు ముందు నిలబడి ఫొటో దిగమనండి చూద్దాం. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలవమని అడిగింది. కంటిశుక్లం శిబిరాలు నేటికీ నడుస్తున్నాయంటే ఆ మాట చలవే. 1985లో రోటరీ పోలియో మీద యుద్ధం ప్రకటించింది. సర్కారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, లక్షల మంది అంగన్‌వాడీ, ఆరోగ్య కార్యకర్తలు చేయి కలిపారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు, 2014లో పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఇంటింటికీ తిరిగినవాళ్లు బిడ్డ దొరకని ఇంటి గోడ మీద గుర్తు పెట్టుకుని మళ్లీ వచ్చేవారు. చుక్కలు వేశాక సిరా గుర్తు పెట్టింది బిడ్డ వేలి మీద. చుక్కలు వేసినామె పేరు ఎక్కడా రాయలేదు. ఆ పని నెగ్గింది మళ్లీ రావడం వల్ల.

మళ్లీ రావడం మన సీమకు కొత్తదీ కాదు. చెరువు కట్టించినవాడికో బాగుచేయించినవాడికో దశబంధం ఇనాం ఇచ్చి, అది అనుభవిస్తున్నంతకాలం మరమ్మతు కూడా నువ్వే చూసుకోమనేవారు. దత్తమండలాల రెవెన్యూ రికార్డుల నిండా అవే. పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కూడా జూన్ 30న దిగిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇక మన బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్లో ఊట ఇన్ని వందల ఏళ్లుగా ఊరుతూనే ఉంది. దాన్ని ఎవరూ రిబ్బన్ కత్తిరించి ప్రారంభించినట్టు లేదు.

ఊరికే తిట్టిపోవడం మర్యాద కాదు కాబట్టి, క్లబ్బుల నియమావళికి నా వంతు సవరణలు కొన్ని. టెయిల్ ట్విస్టర్ పక్కనే కుండ కార్యదర్శి అనే పదవి పెట్టాలి, ఆయన రోజూ ఉదయం ఏడింటికి బిందెతో హాజరు కావాలి. కొత్త అధ్యక్షుడు కొత్త మొక్క నాటే ముందు పాత అధ్యక్షుడి మొక్క బతికుందని చూపించాలి, లేదంటే ఆ ఏడు గుంతకు సెలవు. ఆసుపత్రిలో ఒక పండుకు ఒక చెయ్యి. పేర్లు చెక్కాలని ఉంటే తాడిపత్రిలో బండలకు కరువా, పాలిష్ చేసేవాళ్లకు కరువా? నున్నటి నల్లబండ మీద శుభ్రంగా చెక్కించండి, నీళ్లు పోసినవాళ్ల పేర్లు పైన, డబ్బిచ్చినవాళ్ల పేర్లు కింద.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్న. ఇకమీదట చలివేంద్రానికి ప్రారంభోత్సవం రద్దు. ఏప్రిల్లో చడీచప్పుడు లేకుండా కుండ పెట్టాలి. తొలకరి పడి, ఎండ చల్లబడి, కుండ తీసేసే రోజున కావలిస్తే ముగింపోత్సవం చేసుకోండి. గవర్నరును పిలవండి, శాలువాలు కప్పండి, వేదిక ఎక్కండి, నేను కూడా వచ్చి చప్పట్లు కొడతాను. ఒక్కటే షరతు: ఆనాటిదాకా ఒక్కరోజు కూడా కుండ ఎండలేదని పాలిష్ యూనిట్ల రోడ్డు మీది హమాలీలు చెప్పాలి. కుర్చీలు మాత్రం ఎక్కువ తెప్పించకండి, టెంటుహౌసు బాడుగ దండగ.