నెమలికి వేషం లేదు

కృష్ణానగర్‌లో కథ లేని టీ కొట్టు ఉండదు. మా వీధి రైటరొకాయన ఈ మధ్య దామగుండం అడవి మీద కథ రాసుకుని తిరుగుతున్నాడు. ఎలాగో ఒక నిర్మాత ముందు కూర్చున్నాడు.

"అడవిలో నేవీ సార్!"

"సముద్రమెక్కడయ్యా?"

"లేదు సార్. వికారాబాద్ జిల్లా, పూడూరు మండలం."

"మరి లాజిక్?"

లాజిక్ ఉంది. నిజానికి ఈ కథలో గట్టి సీను అదొక్కటే. నీళ్లలో మునిగిన జలాంతర్గామికి మామూలు రేడియో సంకేతం అందదు, ఉప్పునీరు మింగేస్తుంది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే వీఎల్‌ఎఫ్ తరంగాలైతే కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. ఆ తరంగం పొడవే పది కిలోమీటర్లకు తగ్గదు. అందుకే యాంటెన్నాలు పరవడానికి ఎకరాలకెకరాలు కావాలి. తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచి ఈ పనే చేస్తోంది. రెండోది మనకొచ్చింది. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. 3,200 కోట్ల రూపాయలు, 2,900 ఎకరాలు. దేశానికిది అక్కర్లేదని నేననను. అడవికి ఏ నష్టమూ లేదంటేనే నవ్వొస్తోంది.

"సరే, విలన్ ఎవరు?" అన్నాడు నిర్మాత.

రైటర్ ఇక్కడ తడబడ్డాడు. భూమి ఇస్తామని 2017లో జీవో ఇచ్చింది బీఆర్‌ఎస్ (అప్పటి టీఆర్‌ఎస్) ప్రభుత్వం. 2024లో అప్పగించింది కాంగ్రెస్ ప్రభుత్వం. అప్పగించగానే బీఆర్‌ఎస్ వాళ్లు చెట్టుకు అడ్డం నిలబడ్డారు. జీవో మీదే కదా అంటే, ఇచ్చాం గానీ అప్పగించలేదన్నారు. ద్విపాత్రాభినయం మన పరిశ్రమకు కొత్త కాదుగానీ, గెటప్ మార్చకుండా చేయడం మాత్రం రాజకీయాల్లోనే చూస్తాం.

చెట్ల లెక్క ఇంకో తమాషా. పన్నెండు లక్షలు పోతాయని ఉద్యమకారులు, అంత సీను లేదని అధికారులు. ఈ పేచీ మా పేటలో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. పొద్దున్నే వ్యాన్ ఎక్కేటప్పుడు జూనియర్ ఆర్టిస్టుల తలలు కో-ఆర్డినేటర్ లెక్కకు ఒకలా, మేనేజర్ లెక్కకు ఇంకోలా ఉంటాయి. బిల్లు ఎవరు కడతారన్నదాన్ని బట్టి జనం పెరుగుతారు, తరుగుతారు.

బిల్లంటే గుర్తొచ్చింది. పరిహారంగా అడవులు పెంచే నిధికి నేవీ 133 కోట్లకు పైగా కట్టింది. పద్ధతి ప్రకారమే, తప్పు పట్టడానికి లేదు. ఇక్కడ పోయిన అడవి ఇంకోచోట మొలుస్తుంది. ఆర్ట్ డైరెక్టర్ కూడా ఇలాగే చెబుతాడు, "అడవే కదా, అల్యూమినియం ఫ్యాక్టరీలో సెట్టేద్దాం సార్!" సెట్‌కి నెమళ్లు వాటంతటవే వస్తాయా అని మాత్రం అడక్కూడదు.

మిగిలిన అడవిని, జంతువుల్ని నేవీయే కాపాడుతుందన్నారు. ఇందులో నిజం లేకపోలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో అన్ని చెట్లు మిగిలాయంటే అక్కడ వెంచర్లు వేయనివ్వలేదు కాబట్టే. కంచె లేకపోతే దామగుండం ఏ ఫామ్‌హౌసుల పాలయ్యేదో! కానీ కొండల మధ్య ఉన్న జింకను కాపాడ్డానికి నౌకాదళమే దిగాలంటే, సైఫాబాద్‌లో అటవీ శాఖకు అరణ్య భవన్ ఎందుకున్నట్టు?

మూసీ పుట్టేది దామగుండం దగ్గర్లోని అనంతగిరి కొండల్లోనే. ఆ శంకుస్థాపన రోజుల్లోనే హైదరాబాద్‌లో మూసీని బతికిస్తామని నది ఒడ్డు ఇళ్లకు ఎర్రరంగు గుర్తులేశారు. కింద కాళ్లకు వైద్యం, పైన తల క్షవరం.

కంచ గచ్చిబౌలి సంగతి వేరు. 2025 మార్చి చివర్లో ఐటీ పార్కు కోసం అక్కడి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగితే విద్యార్థులు అరిచారు, నెమళ్ల కేకలు ఫోన్లన్నీ తిరిగాయి, సుప్రీంకోర్టు ఆపించింది. ఆ నెమళ్లకు పక్కనే యూనివర్సిటీ ఉంది. దామగుండం నెమళ్లకు పీఆర్వో లేడు. పైగా ఐటీ పార్కు వద్దంటే పర్యావరణ ప్రేమికుడివి. నేవీ స్టేషన్ దగ్గర చెట్ల సంగతేంటని అడిగావో, నీ దేశభక్తి మీద స్క్రీన్ టెస్ట్ మొదలవుతుంది.

ఇంతా విని నిర్మాత అడిగాడట, "మొదటి షాట్ ఏంటి?"

"గుండం దగ్గర, రామలింగేశ్వరుడి గుడి వెనక, నెమలి పురి విప్పుతుంది సార్."

"నెమలి వద్దయ్యా. పిట్టను చూపించాలన్నా యానిమల్ వెల్ఫేర్ బోర్డు చుట్టూ తిరగాలి. సర్టిఫికెట్ రాకపోతే సెన్సార్‌లో ఆగిపోతాం. రెండో షాట్ చెప్పు."

"అడవి కొట్టేస్తుంటారు సార్."

"అది ఉంచు. దానికి క్లియరెన్స్ ఎలాగూ వచ్చేసింది."