ఊపిరి నాది, లైసెన్సు మీదా?

లైసెన్సింగ్ అధికారి గారికి,

శనివారం రాత్రి హైదరాబాదులో ఫ్లైఓవర్ దిగుతుంటే ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి, బ్రీత్ అనలైజర్ నోటి ముందు పెట్టి ఊదమన్నారు. ఊదనన్నాను. ఊపిరి నా సొంత ఆస్తి. అడిగినవాళ్లకల్లా నడిరోడ్డు మీద ఎందుకివ్వాలి? ఆ మాత్రానికే లైసెన్సు తీసుకుని మీకు పంపించారు.

మోటారు వాహనాల చట్టం తిరగేశాను. సెక్షన్ 203 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమని అడగొచ్చట. తాగాడని అనుమానించడానికి ఆధారం ఉండీ ఊదకపోతే వారంటు లేకుండానే అరెస్టు చెయ్యొచ్చట. ఆ పైన సెక్షన్ 204 కింద డాక్టరు నెత్తురు తీస్తాడట! ఊపిరే ఇవ్వనన్నవాణ్ణి నెత్తురు అడగడం ఏం మర్యాదండీ?

ఊదకపోతే, నెత్తురూ ఇవ్వకపోతే రీడింగు ఉండదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందని ఎవరూ చెప్పలేరు. 10,000 రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు నా జోలికి రావు. ఇదీ నా లెక్క. సెక్షన్ 205 దాన్ని చెడగొట్టింది. సరైన కారణం లేకుండా ఊదనంటే, ఆ ఊదకపోవడాన్నే కోర్టులో ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చట. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. మిగతా సగం చట్టం కలిపేసినట్టుంది.

కారణం చెప్పలేదా అంటే, చెప్పాను. నాకు ఆయాసం, ఊదలేనని ఎస్సై గారితో గొంతు చించుకుని అరగంట వాదించాను. నేనెవరో తెలుసా అనీ అడిగాను. మధ్యలో బావమరిదికి, వాడి ద్వారా ఎమ్మెల్యే పీఏకి ఫోన్లు చేశాను. ఇంత మాట్లాడాక ఊదడానికి ఊపిరెక్కడ మిగుల్తుంది?

లైసెన్సుకు బదులు రసీదు చేతిలో పెట్టారు. 2019 సవరణ పుణ్యమా అని దాన్ని చూపించి బండి నడపడానికి లేదట. సెక్షన్ 19 కింద నిర్ణయం తీసుకునే ముందు నా వాదన వినాలి కాబట్టి ఈ లేఖ.

అన్నట్టు, ఇంకో ఫిర్యాదు. బండి లేక రాత్రిళ్లు నడిచే ఇంటికి వస్తున్నాను. రోడ్డు దాటాలంటే గుండె దడ. దూసుకొచ్చే కారువాడు ఊది వచ్చాడో, నాలాగా హక్కులు మాట్లాడి వచ్చాడో ఎలా తెలిసేది? కనుక నా లైసెన్సు తిరిగి వచ్చేదాకా మిగతా అందరి చేతా తప్పకుండా ఊదించగలరు. వచ్చాక ఊపిరి హక్కు సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇట్లు,
తమ విధేయుడు,
తాత్కాలిక పాదచారి