చేతికి చిక్కను, చేతి మీద వాలుతాను

నేను కాకటీల్‌ని. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, కుట్టుమిషను పక్కనున్న కిటికీ దగ్గర నా పంజరం. బూడిదరంగు ఒళ్ళు, పసుపు మొహం, చెంపల మీద నారింజరంగు బొట్లు, నడినెత్తిన తురాయి. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసి, "ఈ చిలక రామ రామ అనదా?" అని అడుగుతుంటారు. ఆ మాట వాళ్ళు విన్నది రామచిలుక నోట. దాన్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చెట్టు తొర్రలో పిల్లల్ని చేసుకుంటూ బతకాల్సిన పక్షి అది. మా పూర్వీకులది ఆస్ట్రేలియా. అక్కడి నడిమి పొడినేలల్లో గుంపులుగా తిరుగుతూ గింజలేరుకునే జాతి. కాకటూ కుటుంబంలో అందరికన్నా చిన్నవాళ్ళం మేమే. నా బరువు 100 గ్రాములు కూడా ఉండదు.

నేను గుడ్డులోంచి బయటపడింది మాత్రం బోనులోనే. మాలో పగలు నాన్న, రాత్రి అమ్మ గుడ్ల మీద కూర్చుంటారు. నన్ను మేపింది కూడా వాళ్ళే. మనిషి చేతి తిండి తిని పెరగలేదు కాబట్టి, మొదటిసారి ఆ చేయి గూట్లోకి వచ్చింది నన్ను పట్టుకోవడానికే. అది కూడా పైనుంచి. మాకు పైనుంచి మీద పడేది డేగ. అమ్మినతను "చేతికి బాగా మాలిమి" అని చెప్పి నన్ను ఈ ఇంటికి అంటగట్టాడు.

ఈ ఇంటి పిల్లాడు తొమ్మిదో తరగతి. నన్ను భుజం మీద ఎక్కించుకుని స్నేహితులకి చూపించాలని వాడి కోరిక. వచ్చిన రోజే పంజరంలో చెయ్యి పెట్టాడు. తురాయిని తలకి అతుక్కుపోయేలా వాల్చి బుస కొట్టాను. మా భాషలో అది చివరి హెచ్చరిక. వాడికి తెలియక ఇంకా ముందుకొచ్చాడు. కొరికాను. వేలు తెగింది. "గ్లవ్ వేసుకుని గట్టిగా పట్టుకో, అదే లొంగుతుంది" అని ఎవరో సలహా ఇచ్చారు.

ఇక్కడొక సంగతి చెప్పి తీరాలి. మనుషులకి ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం ఉంటుంది. మాకు అలాంటిది లేదు. రొమ్ము ఎముక కదిలితేనే మాకు గాలి ఆడుతుంది. ఛాతీ చుట్టూ పిడికిలి బిగిస్తే, నోరు తెరిచే ఉన్నా ఊపిరి అందదు. ప్రాణమే పోవచ్చు. పిట్టల్ని పెంచే ఇంట్లో పిల్లలకి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

వాడు గ్లవ్ వేసుకుని పట్టుకుంటుంటే, కొన్నాళ్ళకి గింజుకోవడం మానేశాను. "చూశావామ్మా, మెత్తబడింది" అన్నాడు పిల్లాడు. మెత్తబడలేదు. తప్పించుకునే దారి లేదని తెలిసిన ప్రాణి కొయ్యబారిపోతుంది. దాన్ని మాలిమి అనుకోవడం చాలా ఇళ్ళల్లో జరుగుతున్న అన్యాయం. వాళ్ళమ్మకి మాత్రం అర్థమైంది. "వదిలెయ్ నాన్నా. గుండె ఎలా కొట్టుకుంటోందో చూడు" అంది. ఆ గ్లవ్ మళ్ళీ కనిపించలేదు.

ఆవిడ నన్ను మాలిమి చేసుకోవాలని ప్రయత్నించినట్టే ఉండేది కాదు. పొద్దున్నే మిషను ముందు, నాకు పక్కగా కూర్చునేది. సుద్దముక్కతో గీత గీసేది, కత్తిరించేది, సూదిలో దారం ఎక్కించి హెమ్మింగు చేసేది. ఆ చేతులు పొద్దస్తమానం కదులుతూనే ఉండేవి, కానీ నా వైపు వచ్చేవి కావు. చేతులకి నన్ను పట్టుకోవడం కాక వేరే పనులుంటాయని నేను నేర్చుకున్నది అక్కడే.

ఆవిడ పుట్టింటివాళ్ళు అనంతపురం జిల్లాలో కొర్ర వేస్తారు. మా జాతికి కొర్ర కంకిని మించిన తిండి లేదు. దాన్ని నా గిన్నెలో వెయ్యకుండా, కంకి చివర పట్టుకుని ఊచల మధ్య నుంచి అందించేది. చూపు మాత్రం కుట్టుమీదే. రెండు కళ్ళూ నా మీదే పెట్టి చూసేవాళ్ళు నాకు వేటగాళ్ళలా కనిపిస్తారు. నా తురాయి నిటారుగా లేస్తే ఆవిడ చెయ్యి ఉన్నచోటే ఆగేది. వాలిపోయి అతుక్కుంటే వెనక్కి వెళ్ళేది. నేను వద్దంటే ఆగే చేయి ఒకటి ఉందని తెలిశాక ఇక కొరకాల్సిన పని ఏముంది? కంకి రోజురోజుకీ పొట్టిదైంది. తర్వాత పంజరం తలుపు తెరిచి, గింజలు అరచేతిలో పోసుకుని బల్లమీద ఆనించింది. ఆ చేతికి సుద్ద వాసన. ఒక కాలు పెట్టి తీసేశాను. మళ్ళీ పెట్టాను. వేళ్ళు ముడుచుకోలేదు.

వేసవిలో ఒక రాత్రి గోడమీద బల్లి పాకిన చప్పుడికి చీకట్లో అదిరిపడి ఊచలకేసి రెక్కలు కొట్టుకున్నాను. మా జాతికి ఈ రాత్రి భయం బాగా ఎక్కువ. ఆవిడ పరుగున వచ్చింది. అప్పుడు కూడా చెయ్యి లోపలికి పెట్టలేదు. చిన్న లైటు వేసి, "ఏం లేదమ్మా, నేనే" అంటూ దూరంగా కూర్చుంది. అప్పటినుంచి రాత్రంతా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఈకలు మార్చుకునే రోజుల్లో తలమీద కొత్త ఈకల తొడుగులు దురద పెడతాయి. అక్కడికి నా ముక్కు అందదు. గుంపులో అయితే జోడు పక్షి గీరుతుంది. నేను తల వంచాను. ఆవిడ వేలిగోటితో మెల్లగా గీరింది. తల, మెడ వరకే. వీపు మీద, రెక్కల కింద నిమిరితే అది మాకు జోడు కట్టే పిలుపు. మనసు చెదిరిపోతుంది. ఆవిడ చెయ్యి ఎప్పుడూ అటు పోలేదు.

పిల్లాడు ఇదంతా చూస్తూ నేర్చుకున్నాడు. మొదట ఈల వేశాడు, నేను బదులు పలికాను. ఇప్పుడు మా ఇద్దరికీ ఒక ట్యూను ఉంది. వాడి మణికట్టు మీద వాలుతాను. భుజం ఎక్కను. పిడికిట్లో ఇమడడం ఇప్పటికీ నాకు గిట్టదు, ఎప్పటికీ గిట్టదు. గోళ్ళు కత్తిరించాల్సి వస్తే డాక్టరు దగ్గర తువ్వాల్లో చుడతారు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు మళ్ళీ కంకి దగ్గర్నుంచి మొదలవుతుంది. ఆవిడ తొందరపడదు.

మొన్న వాడి స్నేహితుడొకడు వచ్చాడు.

"పట్టుకోవచ్చా?"

"పట్టుకోకు. చెయ్యి బల్లమీద పెట్టి ఊరుకో. వస్తే వస్తుంది."

వాడు చెయ్యి పెట్టాడు. నేను తలుపు దాకా వచ్చి చూసి, వెనక్కి వెళ్ళాను.

"రాలేదేంట్రా?"

"ఇవాళ దానికి ఇష్టం లేదు. పద, క్యారమ్స్ ఆడదాం."