ముక్కు శాకాహారం

హైదరాబాదులో అద్దె ఇంటి వేటకు బయల్దేరినవాడికి ముందుగా ఎదురయ్యేది గేటుకు వేలాడే అట్టముక్క. 'టులెట్. టూ బెడ్‌రూమ్. ఓన్లీ వెజిటేరియన్స్.' 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేయించిన సర్వేలో పదిహేనేళ్లు నిండిన తెలంగాణవాసుల్లో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. ఆంధ్రప్రదేశ్ లెక్కా దానికి అటూ ఇటూగానే ఉంది. అంటే ఆ అట్టముక్క నూటికి తొంభై ఎనిమిది మందిని రోడ్డు మీదే ఆపేసి, మిగిలిన ఇద్దరి కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోందన్నమాట. ఆ ఇద్దరిలో ఒకాయనకు సొంతిల్లుంది. అట్ట కట్టింది ఆయనే.

వెనకటి రోజుల్లో ఇంటాయన అరుగు మీద కూర్చుని "మీరేమిట్లు?" అని సూటిగా అడిగేవాడు. ఇప్పుడలా అడిగితే ఏం బాగుంటుంది, చదువుకున్నవాళ్లమాయె. అందుకని "వెజ్జా, నాన్‌వెజ్జా?" అంటున్నాడు. ప్రశ్న మారింది గానీ జల్లెడ మారలేదు. కాస్త నిలదీస్తే, "అబ్బే, కులం పట్టింపులు మాకెక్కడివండీ! నీచు వాసన పడదు, అంతే" అంటాడు.

అసలు సిద్ధాంతం అక్కడుంది. అహింస ఎందుకో చెప్పడానికి మహావీరుడు ఒక జీవితం వెచ్చించాడు, బుద్ధుడు ఒక జీవితం వెచ్చించాడు. ఓనరుగారు ఆ సారమంతా పిండి ముక్కుపుటాల్లో భద్రపరిచారు. ప్రాణి చచ్చిందా లేదా అన్నది విచారణకే రాదు. చచ్చిన సంగతి ముక్కుకు తెలిసిందా లేదా అన్నదే విచారణ. తెలిస్తే హింస, తెలియకపోతే సంప్రదాయం.

ఈ ప్రమాణం పట్టుకుని వారి ఇల్లు ఒకసారి చూసొద్దాం. చెప్పులు బయటే వదలండి. ఓనరుగారివీ అక్కడే ఉన్నాయి, మేలురకం తోలువి.

ముందు పడగ్గదిలో బీరువా. అమ్మగారి ధర్మవరం, గద్వాల, ఉప్పాడ పట్టుచీరలన్నీ మడత నలగకుండా ఉన్నాయి. పట్టుపురుగు తన చుట్టూ గూడు అల్లుకుని లోపల నిద్రపోతుంది. దాన్ని బతకనిస్తే సీతాకోకచిలుకలాగా గూడు చీల్చుకుని బయటికొస్తుంది, దారం తెగుతుంది. దారం తెగకూడదు గనక లోపల ప్రాణి ఉండగానే గూళ్లను ఆవిరి పట్టిస్తారు, వేడినీళ్లలో వేస్తారు. చీరకు కొన్ని వేల గూళ్లు. ఈ బాధ లేకుండా పురుగును ఎగిరిపోనిచ్చి, మిగిలిన గూటితో నూలు తీసే పద్ధతిని హైదరాబాదు మనిషే, ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు రూపొందించారు. పేరు అహింసా పట్టు. మెరుపు కొంచెం తక్కువ, ధర కొంచెం ఎక్కువ. ఆ రెండు 'కొంచెం'ల దగ్గరే మన అహింస ఆగిపోయింది. వ్రతం నాడు పీటల మీద కూర్చునేది మామూలు పట్టుతోనే. మడికి పట్టే శ్రేష్ఠం కదా మరి!

బీరువా లాకరులో ముత్యాల దండ. ముత్యం కావాలంటే చిప్ప తెరవాలి, తెరిస్తే లోపలి ప్రాణి సాధారణంగా బతకదు. అది రొయ్యలకు దూరపు చుట్టం. రొయ్యల ఇగురు పక్కింట్లో వండితే కిటికీలు మూసుకునే ఇంట్లో, దాని చుట్టం మెడలో మెరుస్తోంది. వాసన లేదు, అదీ దాని సుగుణం.

హాల్లోకి రండి. శ్రీరామనవమికి కచేరీ పెట్టించారట, ఫొటో గోడమీదుంది. మృదంగం చక్కగా కనిపిస్తోంది. ఆవు, మేక, గేదె, ఈ మూడింటి తోళ్లూ పడితే గానీ ఆ నాదం పలకదు. ఆ తోళ్లు ఏరి, కోసి, బిగించే చేతుల గురించి గాయకుడు టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, 2020లో ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. మృదంగం వేదిక మీదికి రావచ్చు, అది ఎలా తయారైందో మాత్రం రాకూడదు. ఆ మృదంగం బిగించినాయన రేపు ఈ ఇంటికే అద్దెకు వస్తే? గేటు దగ్గర అట్టముక్క ఉంది కదా, చదువుకుని వెళ్లిపోతాడు.

ఇక వంటగది. ఇది గర్భగుడితో సమానం. ఇక్కడ నియమం ఒక్కటే: "బయట తింటాం గానీ ఇంట్లో వండం." అబ్బాయి ఆఫీసు క్యాంటీన్లో చికెన్ దమ్ బిర్యానీ తింటాడు, అల్లుడుగారు వచ్చినప్పుడు మేడ మీద కబాబులూ నడుస్తాయి. ఇల్లు మాత్రం ప్యూర్ వెజ్. తినేది మనుషులు, వ్రతం పట్టేది గోడలు. ఆమ్లెట్ నాన్‌వెజ్, ఎందుకంటే పెనం మీద వాసనొస్తుంది. పుట్టినరోజు కేకులో గుడ్డు వెజ్, ఎందుకంటే వెనిల్లా వాసనే వస్తుంది.

ఈ గుడ్డు ఇంటి దాకానే ఉంటే నవ్వుకుని ఊరుకోవచ్చు. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం ఉత్తరాది జిల్లాల బడిపిల్లలకు గుడ్డు పెట్టడం మొదలుపెట్టగానే కొందరు మఠాధిపతులు ఆందోళనకు దిగారు. గుడ్డు వద్దన్న పిల్లలకు అరటిపండు ఇస్తామన్నా వినలేదు. ఆంధ్రప్రదేశ్ బళ్లలో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. కొన్ని ఇళ్ల పిల్లలకు కాస్త మాంసకృత్తులు దొరికేది ఆ పూటే. కేకు కోసే చేతులతోనే పేదపిల్ల కంచంలో గుడ్డు తీసేయడానికి ఎంత ఆత్మశుద్ధి కావాలి!

ఓనరుగారు బిస్కెట్ ప్యాకెట్టును తిరగేసి మరగేసి ఆకుపచ్చ చుక్క వెతుకుతారు. చుక్క కనిపించాకే చాయ్‌లో ముంచుతారు. ఆ తర్వాత బీపీకో, గ్యాస్‌కో గొట్టం మాత్ర ఒకటి మింగుతారు. ఆ గొట్టం చాలాసార్లు పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జెలటిన్. మందుల మీదా ఈ గుర్తు వేయాలని ఢిల్లీ హైకోర్టు చెబితే, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అందుకు వ్యతిరేకంగా ఏ అపార్ట్‌మెంట్ సంఘమూ తీర్మానం చేసినట్టు లేదు. ప్రాణం మీదికొస్తే ఎముక కూడా ఔషధమే. తప్పేం లేదు, బతకాలి కదా. అయితే అదే మినహాయింపు పక్కవాడి ఆకలికి ఎందుకు వర్తించదో మాత్రం ఆయన చెప్పరు.

అమెరికా వెళ్లిన మనవాళ్లకు ఈ ముక్కు సిద్ధాంతం ఒకసారి గట్టిగానే ఎదురు తిరిగింది. మెక్‌డొనాల్డ్స్ బంగాళాదుంప వేపుడులో గొడ్డు మాంసం సారం కలుస్తోందని 2001లో దావాలు పడ్డాయి. మరుసటి ఏడాది ఆ కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మోసం మోసమే, దావా న్యాయమే. కాకపోతే అన్నేళ్లూ లొట్టలేసుకుని తిన్న శాకాహార ముక్కుల్లో ఒక్కటీ ముందుగా పసిగట్టలేదు. ఏ ముక్కును నమ్మి మనుషుల్ని ఇళ్లల్లోంచి వెళ్లగొడుతున్నామో, దాని సమర్థత అంత.

ఇక్కడ మనవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. కూర మాత్రమే కాదు, మోసుకొచ్చేవాడూ వెజ్ అయి ఉండాలట. 2024 మార్చిలో జొమాటో 'ప్యూర్ వెజ్' భోజనాలకు వేరే డెలివరీ దండును, ఆకుపచ్చ చొక్కాలతో సహా ప్రకటించింది. ఒక్కరోజు గడిచేలోపే చొక్కాల రంగు విషయంలో వెనక్కి తగ్గింది. మామూలు ఎర్రచొక్కా వేసుకున్నవాడిని కాలనీల్లోకి రానివ్వరేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయం నిజమని మనందరికీ తెలుసు. కాబట్టే ఎవరూ దాన్ని ఖండించలేదు.

"పాలు, పెరుగు తాగి బతికేవాళ్లమండీ, మేమెవరికి ఏం కీడు చేశాం?" అంటారు ఓనరుగారు. ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మనమే మొదటి స్థానం. గేదె పాలివ్వాలంటే ఈనాలి. ఈనితే సగం మగదూడలు. ట్రాక్టరొచ్చాక దున్నపోతుతో ఎవరికీ పనిలేదు. దాని పాలవాటా మన కాఫీలోకి వస్తుంది, అదేమో చిక్కి చస్తుంది. గేదె చేపడం మానేస్తుందని, చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టిన పశువుల కొట్టాలు ఈ దేశంలో ఉన్నాయి. వట్టిపోయిన గేదె సంతకు పోతుంది. ప్రపంచ మార్కెట్లో గేదె మాంసం ఎగుమతుల్లో మనం పెద్ద పేరు తెచ్చుకున్నది ఇలాగే. పెరుగన్నానికీ ఆ ఎగుమతికీ ఒకే గేదె. ఇంకా ముందుకెళితే ఆ అన్నం కూడా అంత అమాయకమైనదేం కాదు. కృష్ణా గోదావరి డెల్టాల్లో వరి చేను నిలవాలంటే ఎలుకలు చావాలి. ఆ పనికి యానాదులను పిలుస్తూ వచ్చారు. చంపే పని వాళ్లకు అప్పజెప్పి, పవిత్రత మనం ఉంచుకున్నాం. ఆపైన చంపేవాళ్లని వాళ్లకే పేరుపెట్టాం.

ఇదే చిక్కు గాంధీకి ఎదురైంది. పాలు తాగనని ప్రతిజ్ఞ పట్టిన మనిషి, 1918లో మొదలైన జబ్బుతో మంచాన పడ్డాడు. మేకపాలు తాగితే తప్పేమిటని కస్తూరిబా అడిగింది. తాగాడు. ప్రతిజ్ఞ పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవూ గేదె మాత్రమేనని సర్దిచెప్పుకున్నాడు. మాట నిలిచింది గానీ దాని ఆత్మ పోయిందని తన 'సత్యశోధన'లో తానే రాసుకున్నాడు. బతకాలన్న కోరిక గెలిచిందని ఒప్పుకున్నాడు. ఆయన శాకాహారాన్ని ఎవరైనా గౌరవిస్తారు, ఎందుకంటే అందులో లెక్క ఉంది, లెక్కలో తరుగూ రాసి ఉంది. మన ఓనరుగారి శాకాహారంలో జమే గానీ ఖర్చు కనపడదు.

ఆయన ఏటా శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించుకొస్తారు. అక్కడి కొండ మీద కన్నప్ప గుడి ఉంది. ధూర్జటి కావ్యం చదవనివాడికి కూడా కన్నప్పగా మారిన తిన్నడి కథ తెలుసు. వేటాడి తెచ్చిన మాంసాన్ని రుచి చూసి మరీ శివుడికి నైవేద్యం పెట్టాడు, కన్ను పీకి ఇచ్చాడు. శివుడు వాసన అనలేదు, ఏమిట్లని అడగలేదు. ఆ కన్నప్పే ఇవాళ కూకట్‌పల్లిలో గది కోసం తిరిగితే మూడు నెలల అడ్వాన్సు చేతిలో పట్టుకుని కూడా ఫుట్‌పాత్ మీదే పడుకోవాలి. దేవుడి గర్భగుడిలోకి వెళ్లినవాడికి ఓనరుగారి సెకండ్ ఫ్లోర్‌లోకి ప్రవేశం లేదు.

మాంసం మానేసినవాళ్లతో నాకు పేచీ లేదు. జాలి కొద్దీనో, ఆరోగ్యం కొద్దీనో, పుట్టినింటి అలవాటు కొద్దీనో కాయగూరలు తినేవాళ్లు హాయిగా తినొచ్చు. అలా తింటే కొన్ని ప్రాణాలు మిగులుతాయి కూడా, అది చిన్న విషయమేం కాదు. రాజీలూ తప్పవు. పట్టు కట్టుకుంటారు, మాత్ర వేసుకుంటారు, పెరుగు కలుపుకుంటారు. పేచీ అంతా ఆ 'ప్యూర్' అన్న ముక్కతోనే. 'సుమారు శాకాహారి' అని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ మాట అన్న క్షణాన పక్కవాడి వంటింట్లోకి తొంగిచూసే హక్కు పోతుంది, అదొక్కటే నష్టం. ఆ నష్టానికి సిద్ధపడనివాళ్లకు ఒక మనవి: ప్యూర్ అని రాసున్న నెయ్యి డబ్బానే మనం మూత తీసి, వేలికి రాసుకుని, రెండుసార్లు చూసి గానీ నమ్మడం లేదు. మనిషి మీద అదే మాట రాసుంటే మూత తీయకుండా ఎలా నమ్మమంటారు?